లెక్కల్లో వెనకబడ్డ ఏడో తరగతి పాపకు ఇంట్లో ఏ పుస్తకం మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: పాపకు పన్నెండేళ్లు. ఏడాదిన్నరగా ఇంట్లోనే చదువుతోంది. వయసు లెక్కన ఏడో తరగతి. కూడికలు, తీసివేతలు చేస్తుంది, కానీ భిన్నాలు, శాతాలు వచ్చేసరికి ఆగిపోతుంది. లెక్కల పుస్తకం తీస్తే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఇప్పటికి రెండు కరిక్యులమ్‌లు మార్చారు. మూడోది శాక్సన్ తీసుకోవాలా, సింగపూర్ మ్యాథ్ తీసుకోవాలా, కంప్యూటరే పాఠం చెప్పే టీచింగ్ టెక్స్ట్‌బుక్స్ తీసుకోవాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఈ మూడింట్లో ఏదీ ఇప్పుడే తీసుకోకండి. రెండు వారాలు ఆగి, పాపకు లెక్కలు ఎక్కడ తెగిపోయాయో పట్టుకోండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీకు కావలసింది ఏడో తరగతి పుస్తకం కాదు. అట్ట మీద తరగతి అంకె లేకుండా, భిన్నాలను మొదటినుంచి ఓపిగ్గా చెప్పే పుస్తకం కావాలి. మ్యాథ్-యు-సీలో ఎప్సిలాన్ అనే స్థాయి, మ్యాథ్ మామత్‌లో అంశాలవారీగా ఉండే పుస్తకాలు, లేదా కీ టు ఫ్రాక్షన్స్ అనే నాలుగు పల్చటి వర్క్‌బుక్కులు. ఈ మూడింట్లో ఏదైనా సరిపోతుంది. దానికి తోడు రోజూ పది నిమిషాలు పాత లెక్కలు కలగలిపి చేయించాలి. ఎందుకో, ఎలాగో చెప్తాను, కాస్త పెద్దగానే ఉంటుంది.

నేను పదహారేళ్లుగా ఇంట్లో చదువుకునే పిల్లలకు లెక్కలు చెప్తున్నాను. ఎక్కువమంది పదకొండు నుంచి పద్నాలుగేళ్లవాళ్లే. వాళ్లలో మా చిన్నవాడూ ఒకడు. వాడి దగ్గర నేను చేసిన తప్పులు కూడా ఇందులో వస్తాయి.

ఈ వయసులోనే ఎందుకు ఆగిపోతారు

అయిదో తరగతి దాకా లెక్కల్లో అర్థం కానిదాన్ని దాచుకోవచ్చు. వేళ్ల మీద లెక్కపెట్టో, స్టెప్పులు బట్టీ పట్టో, అమ్మ ముఖం చూసి జవాబు మార్చో నెట్టుకొస్తారు. ఆరు, ఏడు తరగతుల్లో పాత బాకీలన్నీ ఒకేసారి మీద పడతాయి. నిష్పత్తికి భిన్నం కావాలి, భిన్నానికి భాగహారం కావాలి, భాగహారానికి ఎక్కాలు కావాలి. శాతం అంటే హారం వంద ఉన్న భిన్నమే. తర్వాత వచ్చే సమీకరణాల్లో సగం పని భిన్నాలతోనే.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు. 2008లో అమెరికాలో జాతీయ గణిత సలహా సంఘం ఇచ్చిన నివేదిక, బీజగణితానికి ముందు గట్టిపడాల్సిన పునాదుల్లో భిన్నాలను ప్రత్యేకంగా చెప్పింది. 2012లో రాబర్ట్ సీగ్లర్, ఆయన సహచరులు అమెరికా, బ్రిటన్ పిల్లల వివరాలు పరిశీలించారు. పదేళ్ల వయసులో భిన్నాలు, భాగహారం ఎంతవరకు వచ్చో చూస్తే, హైస్కూల్లో ఆ పిల్లల గణితం ఎలా ఉంటుందో చాలావరకు చెప్పవచ్చని తేలింది. తెలివితేటలు, ఇంటి ఆదాయం లాంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా.

కాబట్టి మీ పాప భిన్నాల దగ్గర ఆగిపోవడంలో వింత లేదు. ఇంకా భిన్నాలు రాకుండానే ఏడో తరగతి పుస్తకం తెచ్చి శాతాలు చెప్పడం నేల విడిచి సాము చేయడమే.

తెగిన చోటు పట్టుకోవడం

ప్రతి మంచి ప్రోగ్రామ్‌కీ ప్లేస్‌మెంట్ టెస్ట్ ఉంటుంది. చేయించండి. కానీ అది ఆ ప్రోగ్రామ్‌లో ఎక్కడ కూర్చోబెట్టాలో మాత్రమే చెప్తుంది, తప్పు ఎందుకు వచ్చిందో చెప్పదు. అందుకే కొత్త పిల్లలెవరు వచ్చినా నేను మొదట ఓ పది ప్రశ్నలు నోటితో అడుగుతాను. కాగితం, పెన్సిల్ పక్కన ఉంటాయి, కావాలంటే వాడుకోవచ్చు. ఒక్క షరతు: జవాబు తప్పయినా నేను దిద్దను. "ఎలా చేశావు?" అని మాత్రం అడుగుతాను, ఒప్పయినా అడుగుతాను.

ప్రశ్నలు ఇవి. 7×8 ఎంత? 56ని 7తో భాగిస్తే? 1002లోంచి 378 తీసేస్తే? 3/8, 1/2లో ఏది పెద్దది? 0.35, 0.4లో ఏది పెద్దది? 1/2కి 1/3 కలిపితే? 3ని 1/2తో భాగిస్తే? 8+4 = ఖాళీ గడి + 5, ఆ గడిలో ఏముండాలి? 60లో 15 శాతం ఎంత? చివరగా ఓ మాటల లెక్క: పుస్తకంలో 3/5 వంతు చదివేశాను, ఇంకా 48 పేజీలు మిగిలాయి, మొత్తం ఎన్ని పేజీలు?

ఇక్కడ ఒప్పుల కంటే తప్పులు ఎక్కువ చెప్తాయి. 1002 − 378కి 1376 అని వచ్చిందనుకోండి. ప్రతి నిలువు వరసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసింది. అంటే పాపకు 1002 ఒక సంఖ్యలా కనిపించడం లేదు, నాలుగు విడి అంకెల్లా కనిపిస్తోంది. తీసేశాక ఉన్నదానికంటే ఎక్కువ ఎలా వచ్చిందన్న అనుమానం కూడా రాలేదు. ఇలాంటప్పుడు భిన్నాలు కాదు, ఇంకా వెనక్కి, స్థానవిలువల దాకా వెళ్లాలి.

0.35 పెద్దది, ఎందుకంటే నాలుగు కంటే ముప్పై అయిదు పెద్దది కదా అనే జవాబు నేను వందసార్లు విని ఉంటాను. పొడుగ్గా ఉన్న దశాంశం పెద్దది అని వాళ్ల నమ్మకం. ఎవరూ నేర్పలేదు, పూర్ణాంకాల అలవాటు అక్కడికి కూడా వచ్చేసింది.

1/2 + 1/3 = 2/5 మరీ పాతకాపు. పైవి పైవి, కిందవి కిందవి కలిపేయడం. నేను వెంటనే ఇంకో ప్రశ్న వేస్తాను: "2/5 సగం కంటే ఎక్కువా తక్కువా?" తక్కువ అని చెప్పగలిగితే మళ్లీ అడుగుతాను: "సగంతో మొదలుపెట్టావు, దానికి ఇంకొంచెం కలిపావు, మరి సగం కంటే తక్కువ ఎలా వచ్చింది?" ఈ మాటకు పిల్ల ఒక్క క్షణం ఆగి, కనుబొమలు ముడిచిందంటే నాకు సంతోషం. ఆ పిల్లకు భిన్నం అంటే ఓ పరిమాణం అనే స్ఫురణ ఉంది, పద్ధతి మాత్రమే పోయింది. అలాంటివాళ్లు మూడు నాలుగు నెలల్లో లేస్తారు. "ఏమో, మీరే కదా కలపమన్నారు" అని చూసే పిల్లకు ఇంకా ఎక్కువ సమయం పడుతుంది.

ఖాళీ గడిలో 12 అని రాస్తే, ఆ పాప దృష్టిలో సమానం గుర్తు అంటే "జవాబు ఇక్కడ రాయి" అని అర్థం. రెండు వైపులా తూగాలని కాదు. పెద్ద తరగతి పిల్లలు కూడా ఇక్కడ పడతారు. సమీకరణాల్లోకి వెళ్లేముందు ఇది సరిచేయకపోతే పక్షాంతరం అనేది అర్థంలేని మంత్రంగా మిగిలిపోతుంది.

పుస్తకం పేజీల లెక్కకు జవాబు 120. మిగిలిన రెండు వంతులు 48 పేజీలు, ఒక్కో వంతు 24, అయిదు వంతులు 120. పాప పొడుగాటి పట్టీ గీసి అయిదు గదులు చేసిందా, 48ని 3/5తో గుణించేసిందా చూడండి. రెండోదైతే, కనిపించిన అంకెలను ఏదో ఒకటి చేసేయడం అలవాటైంది.

ఇవన్నీ ఒక్కరోజే అడగొద్దు. రోజుకు మూడు చాలు. పాప అన్న మాటలు అన్నట్టే రాసిపెట్టుకోండి.

ఒకసారి పదమూడేళ్ల అబ్బాయిని తీసుకొచ్చారు. బీజగణితం అస్సలు రావడం లేదు, మంచి ఆల్జీబ్రా కరిక్యులమ్ చెప్పండి అన్నారు. పది ప్రశ్నలూ అడిగితే తేలింది ఏమిటంటే, వాడికి భాగహారం అంటే "పంచడం" అని మాత్రమే తెలుసు, "ఇందులో అవి ఎన్ని ఉన్నాయి" అనే రెండో అర్థం తెలియదు. మూడుని అరతో భాగించమంటే "అరమందికి ఎలా పంచుతాం?" అని నన్నే అడిగాడు. న్యాయమైన ప్రశ్నే! మూడు కాగితపు పట్టీలు ఇచ్చి, ఇందులో అరపట్టీలు ఎన్ని ఉన్నాయి అన్నాను. ఆరు అని వెంటనే చెప్పాడు. వాడికి ఆల్జీబ్రా పుస్తకం మార్చలేదు, ఆర్నెల్లు పక్కన పెట్టించాం అంతే. తర్వాత అదే పుస్తకంతో పూర్తిచేశాడు.

ఇక మీరడిగిన పేర్ల గురించి

కరిక్యులమ్‌లు స్థూలంగా రెండు రకాలు. ఒక అంశాన్ని పట్టుకుని అది పూర్తిగా వచ్చేదాకా వదలనివి ఒక రకం, వీటిని మాస్టరీ రకం అంటారు. రోజూ కొత్తది కాస్త, పాతది ఎక్కువ కలిపి తిప్పితిప్పి చెప్పేవి రెండో రకం, స్పైరల్. ఏది గొప్పదన్న వాదన ఎప్పటికీ తెగదు, నాకు దానిలో ఆసక్తి కూడా లేదు. మీ పాపలాంటి పిల్లకు ఎప్పుడు ఏది అన్నదే విషయం.

శాక్సన్‌ను రాసిన జాన్ శాక్సన్ అమెరికా వైమానిక దళంలో అధికారిగా చేసి, తర్వాత లెక్కల మాస్టారు అయిన మనిషి. పుస్తకంలో ఆ క్రమశిక్షణ కనిపిస్తుంది. రోజూ ఓ చిన్న కొత్త విషయం, ఆ తర్వాత సుమారు ముప్పై లెక్కలు. ఆ ముప్పైలో కొత్తదానివి కొన్నే, మిగతావన్నీ ఇప్పటిదాకా వచ్చిన అంశాలనుంచి ఏరినవి. నేర్చుకున్నది మరిచిపోయే పిల్లకు ఇది నిజంగా మంచి మందు. కానీ పునాదిలో పగుళ్లున్న పిల్లకు ఇదే పుస్తకం రోజువారీ శిక్ష. ఎందుకంటే ముప్పై లెక్కల్లో భిన్నం ఉన్నవి పది ఉంటాయి, ఆ పదీ రోజూ తప్పుతాయి. ఇరవై ఒప్పులు ఎవరికీ గుర్తుండవు.

చాలామంది తల్లిదండ్రులు జాలిపడి "సరి సంఖ్య లెక్కలు వదిలెయ్, బేసివి చెయ్" అంటారు. మామూలు పుస్తకాల్లో అయితే ఫరవాలేదు, అక్కడ పక్కపక్కన ఒకే రకం లెక్కలు ఉంటాయి. శాక్సన్‌లో ఒక్కో లెక్కా ఒక్కో అంశం. సగం వదిలేస్తే కొన్ని అంశాలు వారాల తరబడి కనిపించకుండానే పోతాయి. పూర్తిగా చేయించగలిగితేనే శాక్సన్ తీసుకోండి. నా సలహా: ఇప్పుడు కాదు, భిన్నాలు నిలబడ్డాక, ఇంకో ఎనిమిది నెలలకు.

సింగపూర్ మ్యాథ్ అంటే నాకు ఇష్టం, దాచను. ముందు చేతితో పట్టుకునే వస్తువు, తర్వాత బొమ్మ, ఆ తర్వాతే గుర్తులు. దీని వెనకున్న ఆలోచన 1960లలో జెరోమ్ బ్రూనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పినదే. పేజీల లెక్కకు పట్టీ గీయడం అన్నాను చూడండి, అది అక్కడి బార్ మోడల్. చిక్కు ఏమిటంటే, ఆరు లేదా ఏడో స్థాయిలో కొత్తగా దూకితే కింది స్థాయిల్లో ఏళ్ల తరబడి అలవాటైన బొమ్మల భాష ఈ పిల్లకు రాదు. పైగా అది మీరు కూర్చుని చెప్పాల్సిన కరిక్యులమ్, పుస్తకం తనంతట తాను చెప్పదు. మనలో చాలామంది భిన్నాల భాగహారాన్ని "తిరగేసి గుణించు" అని నేర్చుకున్నవాళ్లం, ఎందుకు తిరగేయాలో మనమే మొదట నేర్చుకోవాలి. ఆ ఓపిక ఉంటే మంచిదే. లేకపోతే బార్ మోడల్ ఒక్కటి అరువు తెచ్చుకోండి. వారానికి మూడు మాటల లెక్కలు, ఒక్కోదానికి ఒక పట్టీ బొమ్మ. మిగతా కరిక్యులమ్ ఏదైనా సరే ఇది పక్కన నడుస్తుంది.

టీచింగ్ టెక్స్ట్‌బుక్స్‌లో కంప్యూటర్ పాఠం చెప్తుంది, అదే దిద్దుతుంది. లెక్కల పేరుతో ఇంట్లో రోజూ గొడవ అవుతుంటే, ఆ గొడవ ఆగడమే కొన్నాళ్లు పెద్ద లాభం. తల్లీ కూతుళ్ల మధ్య యుద్ధం ఆపిన ప్రోగ్రామ్‌ని నేను చిన్నచూపు చూడను. అయితే రెండు జాగ్రత్తలు. దాని మీదున్న తరగతి అంకెను చూసి మోసపోవద్దు, అదే అంకె ఉన్న మిగతా పుస్తకాల కంటే ఇది కాస్త తేలిక అని నా అనుభవం. రెండోది, పిల్లలు తెలివైనవాళ్లు. లెక్క చేయకుండా జవాబు ఊహించి నొక్కడం, మళ్లీ అవకాశం ఇస్తే ఇంకోటి నొక్కడం త్వరగానే మరుగుతారు. ఒక పాపకు తెర మీద 88 మార్కులు, నోటుబుక్కు చూపించమంటే తెల్ల కాగితం. అందుకే ఒకే నియమం పెట్టండి: కాగితం మీద పని కనిపించకపోతే ఆ లెక్క చేయనట్టే.

ఖాన్ అకాడమీ మీరు అడగలేదు కానీ ఎలాగూ ఎవరో ఒకరు చెప్తారు. 2008లో సల్మాన్ ఖాన్ మొదలుపెట్టింది (సినిమా ఆయన కాదు), లాభాపేక్ష లేని సంస్థ, ఉచితం. సాధనకు, ఒక పాఠం ఇంకో గొంతుతో వినడానికి బాగుంటుంది. వెనకబడ్డ పిల్లకు అదొక్కటే గురువు అయితే మాత్రం వీడియో చూసి "అర్థమైంది" అనుకోవడం దగ్గరే ఆగిపోతుంది. బీస్ట్ అకాడమీ కూడా పేరున్నదే, చక్కటి బొమ్మల కథలతో లెక్కలు చెప్తుంది. కానీ అది కష్టమైన లెక్క కనిపిస్తే కళ్లు మెరిసే పిల్లల కోసం చేసినది. ఇప్పుడు వద్దు.

నేను చెప్పిన మూడింటి మంచీ చెడ్డా

మ్యాథ్-యు-సీ స్థాయిలకు గ్రీకు అక్షరాల పేర్లు. గామా అంటే గుణకారం, డెల్టా భాగహారం, ఎప్సిలాన్ భిన్నాలు, జీటా దశాంశాలు, శాతాలు. పన్నెండేళ్ల పిల్లకు "నువ్వు నాలుగో తరగతి పుస్తకం చేస్తున్నావు" అన్న అవమానం ఉండదు. ఇది చిన్న విషయం అనుకోకండి. మొదట్లో నేను ఒకమ్మాయికి అట్ట మీద పెద్ద 4 అంకె ఉన్న పుస్తకం ఇచ్చాను. తమ్ముడు అదే అంకె ఉన్న పుస్తకం చేస్తున్నాడు. ఆ అమ్మాయి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అప్పటినుంచి అంకె ఉన్న పుస్తకాలకు ముందుగా అట్ట వేసి ఇస్తున్నాను.

ఇందులో చిన్న వీడియో పాఠం, చేతితో పట్టుకునే ముక్కలు, కొద్దికొద్దిగా పేజీలు ఉంటాయి. లోటు ఏమిటంటే, ఏడాదంతా దాదాపు భిన్నాలే. పాప ఇంతకుముందు నేర్చుకున్న దశాంశాలు, కొలతలు, కోణాలు ఈలోగా తుప్పు పడతాయి. అంశాల వరస కూడా మిగతా కరిక్యులమ్‌లకు భిన్నం, కాబట్టి మధ్యలో దిగిపోతే ఎక్కడా సరిగ్గా అతకదు.

మ్యాథ్ మామత్ పుస్తకం పిల్లతో నేరుగా మాట్లాడుతుంది, విడిగా టీచర్ పుస్తకం పెద్దగా అవసరం ఉండదు. ఎందుకు అన్నది బాగా చెప్తుంది. తరగతులవారీ వరస ఒకటి, అంశాలవారీ వరస ఒకటి ఉన్నాయి, మీకు కావలసింది రెండోది. కానీ పేజీ కిక్కిరిసి ఉంటుంది. భయపడే పిల్లకు ఆ పేజీ చూడగానే టెన్షన్. సగం పేజీ మీద తెల్లకాగితం కప్పి ఇవ్వండి, లేదా ఒకటి విడిచి ఒకటి చేయించండి. ఇందులో అలా వదిలినా నష్టం లేదు.

కీ టు ఫ్రాక్షన్స్ నాలుగు పల్చటి పుస్తకాలు, దశాంశాలకు ఇంకో నాలుగు, శాతాలకు మూడు. పేజీకి కాసిని లెక్కలు, చేత్తో రాసినట్టుండే అక్షరాలు, రంగుల హడావిడి లేదు. చూడ్డానికి పాతకాలంగా ఉంటుంది. పుస్తకం అంటేనే ఏడ్చే పిల్లకు నేను మొదట ఇచ్చేది ఇదే, ఎందుకంటే మూడు నాలుగు వారాల్లో ఒక పుస్తకం అయిపోతుంది. ఏడాదిన్నరగా ఏదీ పూర్తిచేయని పిల్లకు ఒక పుస్తకం చివరి పేజీ చూడటం ఎంత పని చేస్తుందో చెప్పలేను. ఇది పూర్తి కరిక్యులమ్ మాత్రం కాదు, మాటల లెక్కలు మీరే కలపాలి.

మీరు చెప్పిన వివరాల మీద నన్ను ఒక్కటే చెప్పమంటే: కీ టు ఫ్రాక్షన్స్‌తో మొదలుపెట్టి, పట్టీ బొమ్మల మాటల లెక్కలు పక్కన పెట్టుకుని, నాలుగో పుస్తకం అయ్యాక పూర్తి కరిక్యులమ్ గురించి ఆలోచిస్తాను.

పూర్తి కరిక్యులమ్ ఎంచుకునేటప్పుడు అందరి రివ్యూలూ చదవక్కర్లేదు. అన్నింటి నమూనా పేజీలు దొరుకుతాయి. వాటిలో ఒకే పాఠం, హారాలు వేరైన భిన్నాల కూడిక, ప్రతిదాంట్లోనూ తెరిచి పక్కపక్కన పెట్టండి. సూత్రం ముందు వచ్చిందా, బొమ్మో సంఖ్యారేఖో ముందు వచ్చిందా? పేజీలో ఎన్ని లెక్కలున్నాయి? కిందికి వెళ్తే పోయిన నెల అంశం ఒక్కటైనా ఉందా? అది చదివి మీరు పాపకు మీ మాటల్లో చెప్పగలరా? తర్వాత ఆ పేజీలు పాప ముందు పెట్టి ఏది నయమో తననే అడగండి. తను ఎంచుకున్నదాని మీద తనకు కొంత పట్టుదల ఉంటుంది.

రోజూ ఎలా నడపాలి

నలభై నిమిషాలు, గడియారం పెట్టి. అయిదు నిమిషాలు నోటి లెక్కలు, ఇరవై అయిదు నిమిషాలు కొత్త పాఠం మీరూ పాపా కలిసి, పది నిమిషాలు పాతవి. గంట మోగితే లెక్క మధ్యలో ఉన్నా ఆపేయండి. అంతులేని లెక్కల పూట అంటేనే పిల్లలకు భయం, అంతు కనిపిస్తే సగం ఏడుపు తగ్గుతుంది.

కొత్త పాఠంలో ఒక లెక్క మీరు చేసి చూపించండి, అలాంటిదే తర్వాతది పాప చేస్తుంది, మళ్లీ మీరు ఒకటి, పాప ఒకటి. 1985లో స్వెల్లర్, కూపర్ చేసిన ప్రయోగాల్లో, కొత్తగా నేర్చుకునేవాళ్లకు వరసగా లెక్కలు ఇచ్చి చేయమనడం కంటే చేసిన లెక్కను చదివించి అలాంటిది చేయించడం మేలని తేలింది. నా బల్ల దగ్గర నేను చూసింది కూడా అదే. "నువ్వే ఆలోచించు" అనడం వచ్చిన పిల్లకు పనికొస్తుంది, రాని పిల్లకు అది ఒంటరిగా వదిలేయడమే.

పాత లెక్కల పది నిమిషాల్లో ఒకే రకం పది ఇవ్వొద్దు. అయిదు రకాలు, ఒక్కోటి ఒకటి. అలా కలిపి ఇస్తే సాధన చేస్తున్నప్పుడు తప్పులు ఎక్కువే వస్తాయి, వారం తర్వాత గుర్తుండేది మాత్రం ఎక్కువ. రోరర్, టేలర్ 2007లో చేసిన ప్రయోగంలో ఇదే తేలింది. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. ఒకే రకం వరసగా ఇస్తే ఏ పద్ధతి వాడాలో ఆలోచించే పనే ఉండదు.

ఎక్కాలు రాకపోతే పాఠం ఆపకండి. పట్టిక పక్కన పెట్టుకుని చూసి చేయనివ్వండి, ఎక్కాలు విడిగా రోజుకు అయిదు నిమిషాలు. లేకపోతే బుర్రంతా 7×8 దగ్గరే ఖర్చయిపోయి భిన్నానికి ఏమీ మిగలదు.

మా చిన్నవాడి సంగతి చెప్తానన్నాను కదా. పదకొండేళ్లప్పుడు వాడికి పెద్ద గుణకారాలు, భాగహారాలు ఎప్పుడూ తప్పే. నేను ఒకటి తర్వాత ఒకటి రెండు కరిక్యులమ్‌లు మార్చాను, అచ్చం మీలాగే. చివరికి ఒకరోజు పక్కన కూర్చుని వాడు రాసేది చూశాను, అంతకుముందు ఎప్పుడూ జవాబు మాత్రమే చూసేదాన్ని. అంకెలు నిలువు వరసలో నిలబడటం లేదు, పదుల స్థానంలోది వందల కిందికి జారిపోతోంది. గళ్ల కాగితం ఇచ్చాను. తప్పులు సగానికి సగం పోయాయి. రెండు కరిక్యులమ్‌ల ఖర్చు, ఒక గళ్ల నోటుబుక్కు దగ్గర తేలింది. నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

కొన్ని హెచ్చరికలు

వెనక్కి వెళ్తే రెండేళ్లు వృథా అవుతాయని భయపడొద్దు. తొమ్మిదేళ్ల పిల్లకు ఏడాది పట్టింది పన్నెండేళ్ల పిల్లకు ఏడాది పట్టదు. నేను చూసినంతలో, రోజూ కూర్చుంటే భిన్నాలు, దశాంశాలు, శాతాలు కలిపి ఎనిమిది నుంచి పది నెలలు. ఒకవేళ ఏదైనా పరీక్ష తేదీ ముందుందా, మళ్లీ బడిలో చేర్చే ఆలోచన ఉందా? అప్పుడు రెండు పట్టాల మీద నడపండి: కోణాలు, త్రిభుజాలు, గ్రాఫులు చదవడం లాంటివి ఏడో తరగతి స్థాయిలోనే చెప్పండి, వాటికి భిన్నాలతో పెద్ద పని ఉండదు. అంకగణితం మాత్రం విడిగా, దాని వేగంతో. పాప కూడా "నేను ఏడో తరగతే చదువుతున్నా" అని చెప్పుకోగలుగుతుంది.

ఏడుపు తగ్గకపోతే పాఠం చెప్పే మనిషిని మార్చి చూడండి. నాన్న, పిన్ని, పక్కింటి డిగ్రీ అమ్మాయి, ఎవరైనా. మీ తప్పేం లేదు, కొందరు పిల్లలు అమ్మ దగ్గర తప్పు చేయడానికే భయపడతారు. ఇంకో మాట, "నాకూ చిన్నప్పుడు లెక్కలు రాలేదులే" అని ఓదార్చకండి. ఇది వంశంలోనే ఉందని పిల్ల నమ్మేస్తుంది.

కొన్నిసార్లు సమస్య పుస్తకానిది కాదు. పన్నెండేళ్లకు కూడా ముల్లుల గడియారం చదవలేకపోవడం, అయిదారు వస్తువులను చూడగానే చెప్పలేక ప్రతిసారీ ఒక్కొక్కటే లెక్కపెట్టడం, నెలల తరబడి చెప్పిన ఎక్కం మర్నాటికి పూర్తిగా తుడిచిపెట్టుకుపోవడం, ఇవన్నీ కలిసి కనిపిస్తే డిస్కాల్క్యులియా (అంకెలు, లెక్కలు పట్టుబడనివ్వని అభ్యాస సమస్య) ఉందేమో నిపుణుల చేత చూపించాలి. సాధారణంగా చెప్పే అంచనా ప్రకారం వందమంది పిల్లల్లో మూడు నుంచి ఏడుగురికి ఇది ఉంటుంది. కంటిచూపు పరీక్ష అయితే ఎలాగూ చేయించండి.

మొదలుపెట్టాక పన్నెండు వారాలు మార్చకండి. బోరుగా ఉందనడం మార్చడానికి కారణం కాదు, లెక్కలు కొన్ని రోజులు బోరుగానే ఉంటాయి. పుస్తకంలోని వివరణ పాపకూ అర్థంకాక, మీకూ అర్థంకాక ఉంటే అది కారణం. పది లెక్కల్లో ఆరు కూడా ఒప్పు రాని రోజులు రెండు వారాలు వరసగా ఉంటే, పుస్తకం కాదు, స్థాయి మార్చండి. ఇంకొంచెం కిందికి.

ఈ వారం ఆ పది ప్రశ్నలూ అడిగి, పాప చెప్పిన తప్పు జవాబులు చెప్పినవి చెప్పినట్టు ఇక్కడ రాయండి. 2/5 వచ్చిందా, 1376 వచ్చిందా, పేజీల లెక్కకు బొమ్మ గీసిందా లేదా. అది చూస్తే ఏ పుస్తకంలో ఏ పాఠం దగ్గర మొదలుపెట్టాలో చెప్తాను.